సిస్టైను మందిరములోని గాలి

నేడు నేను విన్నవింపబూనినది రాజుల యుద్ధములను గూర్చి కాదు, ఒక మందిరము లోపలి గాలిని గూర్చి. గాలికి చరిత్ర యేమని మీరడుగవచ్చును. వినుడు.

రోమునగరము నడుమనున్న వాటికనులో, రోమను కతోలికులకు గురువైన పోపుగారి నివాసముచెంత, సిస్టైను మందిరమను ప్రార్థనాలయము కలదు. నాలుగవ సిక్స్టసు పోపు దానిని కట్టించెను. 1481 నాటికి కట్టడము ముగిసెను. పొడవు సుమారు 41 మీటరులు, వెడల్పు 13 మీటరులు. మైకెలాంజిలో యను శిల్పి 1508 మొదలు 1512 వఱకు దాని కప్పుమీదను, 1536 మొదలు 1541 వఱకు పీఠము వెనుకటి గోడమీదను చిత్రములు వ్రాసెను.

వ్రాసిన విధము, ఇంటికి గచ్చు చేయించిన మీవంటి పెద్దలకు సులభముగ బోధపడును. తడియాఱని సున్నపు పూతమీద నీటిలో కలిపిన రంగులు వేయుదురు. ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమముగ రాయివలె గట్టిపడును. రంగు ఆ రాతిలో చిక్కుకొని నిలుచును. బంకతో నంటించిన రంగు కాదు గనుకనే యది యైదువందల యేండ్లు నిలిచినది.

అయితే, ఏ వాయువు ఆ చిత్రమును రాయిగ జేసెనో ఆ వాయువే మితిమీఱిన దానిని చెఱుపగలదు. మనము విడుచు ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు కలవు. ఆవిరి చల్లని గోడమీద చెమ్మయై నిలిచి, ఆ వాయువును కలుపుకొనినచో, సున్నపు రాతిని కొంచెము కొంచెముగ కరగించును. చెమ్మ యాఱినప్పుడు కరగినది తెల్లని పొడియై పైకి తేలును. ముక్కోటి యేకాదశినాడు గర్భాలయద్వారమున నిలిచినవారికి జనుల యూపిరి యెంత యుక్కపోతను కలిగించునో నేను చెప్పనక్కఱలేదు. ఒక్కొక్క మనిషి శరీరము దాదాపు 100 వాట్ల దీపమంత వేడిని విడుచుచుండును.

పూర్వము ఆ మందిరమునకు క్రొవ్వొత్తుల మసియే శత్రువు. 1980లో నారంభించి 1994 నాటికి కప్పును, పీఠపు గోడను కడిగిరి. కడుగుటలో మైకెలాంజిలో చేతిపనియే కొంత పోయెనని వాదించిన పండితులును కలరు. ఆ తగవులోనికి నేను దిగను. ఆ దినములలోనే గాలిని వడగట్టి, వేడిని చెమ్మను అదుపులో నుంచు యంత్రములను అమర్చిరి. అవి యొక్కసారి 700 మందికి సరిపోవునట్లు లెక్కించినవి. జనము లెక్కకు లోబడునా? 2014 నాటికి ఏటికి దాదాపు 60 లక్షలమంది, కొన్ని దినములందు 20,000 మంది రాజొచ్చిరి. 2010లో పరీక్షించినవారికి చిత్రములమీద అక్కడక్కడ తెల్లని పొర కనబడెను.

ద్వారము మూయుటయా, యంత్రము మార్చుటయా? వారు యంత్రమునే మార్చిరి. యాత్రికులను నిరాశపఱుపరాదను భావముతోపాటు టిక్కెట్ల రాబడియు దీనిలో కలదని నా యూహ. 2014 అక్టోబరులో, మునుపటికి మూడింతల శక్తిగల క్రొత్త యంత్రములు నడువ మొదలిడెను. ఇందలి కష్టమెక్కడ ననగా, గోడలన్నియు చిత్రములే. మేకు కొట్టుటకైన చోటులేదు. గాలి చిత్రములకు విసురుగ తగులరాదు, చప్పుడు వినబడరాదు. లోపల ఎందఱున్నారో కెమెరాలు కనిపెట్టి తెలుపగా, యంత్రము జనమునుబట్టి తన పనిని హెచ్చించుచు తగ్గించుచుండును. ఒక్కసారి లోపల 2,000 మందికి మించి యుండరాదని కట్టడి చేసిరి.

క్రొత్త పోపు నెన్నుకొనుటయు ఈ మందిరముననే. అప్పుడు చీట్లను లోపలి పొయ్యిలో కాల్చి, పొగగొట్టముద్వారా ఫలితమును లోకమునకు తెలుపుదురు. 2025 మే నెలలోను అట్లే జరిగెను. ఇన్ని యంత్రములతో గాలిని కాచుచున్న గదిలో పొయ్యి రాజేయుట వింతగనే తోచును గాని, ఆ యాచారమును వారు విడువలేదు.