నాలుగు మరమేకుల వాద్యము

మన సంతలలో ఎద్దును కొనువాడు దాని రూపము చూచి మాత్రమే వెల చెప్పడు. నోరు తెరపించి పండ్లు లెక్కించును, సుడులు పరికించును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించును. తుదకు, 'ఇది ఎవరి యింట పుట్టినది? ఇంతవరకు ఎవరి కాడి క్రింద నున్నది?' అని యడుగును. ఈ తుది ప్రశ్నకు సరియైన యుత్తరము రానిచో, ఎద్దు ఎంత బలిసినదైనను తెలివిగలవాడు దానిని తోలుకొని పోడు. ఈ ప్రశ్న సంగీత వాద్యముల విషయమున ఎట్లు పుట్టినదో, దానిని అడుగకపోవుటచే ఏమి జరిగినదో, అమెరికాలో పుట్టిన యొక వాద్యము చరిత్ర వలన నేడు మనవి చేయదలచితిని. ఆ వాద్యము పేరు బేస్ గిటారు.

గిటారును మీరు చూచియే యుందురు. దానికి ఆరు తంత్రులు. బేస్ గిటారునకు సాధారణముగా నాలుగే తంత్రులు, అవి లావైనవి. గిటారులోని దిగువ నాలుగు తంత్రుల కంటె ఇవి ఒక స్థాయి క్రిందుగా మ్రోగును. అన్నిటికంటె దిగువ తంత్రి సెకనునకు సుమారు 41 మారులు కంపించును. పాట వినునప్పుడు ఈ మంద్రనాదమును మనము ప్రత్యేకముగా గుర్తింపకపోవచ్చును. అది ఆగినచో మాత్రము పునాది లేని గోడవలె పాట నిలువక పోవును.

పూర్వము ఈ పనిని డబుల్ బేస్ అను వాద్యము చేయుచుండెడిది. అది వాయులీనపు వంశములోనిదైనను మనుష్యుని నిలువు కంటె పొడవు. ప్రక్కన నిలిచి వాయింపవలెను. మెట్లు లేవు గనుక స్వరస్థానములు చేతికి అలవడుటకు ఏండ్లు పట్టును. నృత్యశాలలలో బాకాలు, డ్రమ్ములు మ్రోగుచుండగా దాని నాదము వినరాదు. ఊరూర తిరుగు మేళములవారికి దానిని మోయుటయే యొక శిక్ష. 1930 తరువాతి దశాబ్దములో సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నతడు, మెట్లు గలిగి విద్యుత్తుతో మ్రోగు చిన్న బేసును అడ్డముగా పట్టి వాయించుటకు వీలుగా చేసెను. కాని యది వ్యాపింపలేదు.

దానిని లోకమునకు అలవాటు చేసినవాడు లియో ఫెండర్. ఆయన 1909లో కాలిఫోర్నియాలో పుట్టెను. చదివినది పద్దుల విద్య. చేసినది రేడియోలు బాగుచేయు పని. 1938లో ఫులర్టన్ అను ఊర అంగడి పెట్టెను. వింత యేమనగా, ఆయనకు గిటారు వాయించుట రాదు. వచ్చినవారి మొరలు విని, వారి చేతుల కష్టము చూచి, దానికి తగినట్లు పనిముట్టును దిద్దుటయే ఆయన విద్య. 1951లో ఆయన 'ప్రిసిషన్ బేస్' అను వాద్యమును వెలువరించెను. ఆ పేరునకు కచ్చితత్వమని యర్థము. మెట్లుండుటచేత వ్రేలు పెట్టినచోట స్వరము తప్పదని భావము.

దాని నిర్మాణమును మన వీణ మాటలలో చెప్పెదను. వీణకు కుండ బోలుగా నుండి నాదమును పెంచును. దీని మొండెము బోలు కాదు. ఆష్ అను చెట్టు కొయ్యతో చేసిన గట్టి పలక. దండి మేపుల్ కొయ్య. వీణపై 24 మెట్లు మైనములో కూర్చబడును. దీనిపై 20 లోహపు మెట్లు కొయ్యలోనికి దిగగొట్టబడును. గుర్రము నుండి దండి కొన వరకు మ్రోగు తంత్రి పొడవు 34 అంగుళములు. తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు వేలకొలది చుట్లు తిరిగిన సన్నని రాగితీగయు కలవు. ఉక్కు తంత్రి కంపించినప్పుడు ఆ రాగితీగలో విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి నాదముగా వినిపించును.

ఇక అసలు విశేషము. మన బొబ్బిలి ఏకాండ వీణలో కుండయు దండియు ఒకే పనస మ్రాను నుండి చెక్కబడును. అట్టి వీణకు దండి విరిగిన వీణయే పోయినట్లు. ఫెండర్ తన వాద్యమున దండిని మొండెమునకు నాలుగు మరమేకులతో బిగించెను. దండి వంగినచో మేకులు విప్పి క్రొత్తది తొడుగవచ్చును. ఇది బాగుచేయువాని బుద్ధికి తోచిన యుపాయము. కాని సులభముగా విప్పదగినది సులభముగా మార్చదగినది యగును. మార్చదగినదాని పుట్టుక చెప్పుట కష్టమగును. ఈ వాద్యము చరిత్రలోని మేలును కీడును చాలవరకు ఆ నాలుగు మేకులలోనే యున్నవి.

మొదట మేలు చెప్పెదను. ఉన్నదానిని విప్పి చూచినవారికి వేరొక విధముగా చేసికొనవలెనను కోరిక పుట్టినది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1969లో వెలసిన అలెంబిక్ సంస్థవారు మొదట ఇతరులు చేసిన వాద్యములను విప్పి లోపలి విద్యుత్ పరికరములను మార్చిరి. పిదప తామే పలువిధముల కొయ్యలను పొరలుగా అతికి, కోరినవారికి కోరినట్లు బేసులు చేసి యిచ్చిరి. ఆంథనీ జాక్సన్ అను విద్వాంసునకు నాలుగు తంత్రులు చాలకపోయెను. 1975లో ఆయన కోరికపై కార్ల్ థాంప్సన్ అను శిల్పి దిగువకొకటి, ఎగువకొకటి చేర్చి ఆరు తంత్రుల బేసును నిర్మించెను. కంసాలి యెదుట కూర్చుండి నగ చేయించుకొనునట్లు వాద్యమును చేయించుకొను ఆచారము ఇట్లు బలపడెను. అంత ధనము లేని యువకులు ఒకచోట మొండెమును, ఒకచోట దండిని, ఒకచోట బిరడలను కొని యింటనే బిగించుకొనసాగిరి.

ఇక కీడు. 1965 జనవరిలో ఫెండర్ సంస్థ సి.బి.ఎస్. అను ప్రసార సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. తరువాతి వాద్యములలో పనితనము తగ్గినదని పలువురు తలచి, అమ్మకమునకు పూర్వపు వానిని వెదకసాగిరి. పాతది చౌక యను లోకరీతి తలక్రిందై, పాతదే ప్రియమయ్యెను. 1970లో నాష్‌విల్ నగరమున జార్జ్ గ్రూన్ పాత వాద్యముల అంగడి తెరచెను. జంతుశాస్త్రము చదివిన ఆయన, జంతువులను జాతులుగా విభజించునట్లు వాద్యములను లక్షణములను బట్టి విభజించెను. 1991లో వాల్టర్ కార్టర్‌తో కలసి అట్టి లక్షణగ్రంథమును ప్రకటించెను. దండి మొదట వ్రాసిన తేదీ, నాదమును హెచ్చించి తగ్గించు గుబ్బల లోపలి అంకెలు, మేకు రంధ్రముల తీరు, ఇవన్నియు నేటి పరీక్షకులు చూతురు. ఎద్దు పండ్లు లెక్కించుట వంటిదే యిది. అయినను దండి యొక యేటిది, మొండెము వేరొక యేటిది యగుచో, అమ్మువాడు చెప్పనిది కొనువాడు ఎట్లెరుగును? మార్చుట దోషము కాదు. మార్చితినని చెప్పకుండుట దోషము.

అంతకంటె పెద్ద దోషము, దొంగసొత్తు చేతులు మారుట. జేమ్స్ జేమర్సన్ అను మహావాద్యకారుని 1962 నాటి ప్రిసిషన్ బేసు, ఆయన మరణించిన 1983లోనే, మరణమునకు కొలది ముందు అపహరింపబడెను. అది ఆయన చేతికి తిరిగి రాలేదు. జాకో పాస్టోరియస్ మెట్లు తీసిన బేసుపై, మన వాయులీనముపై వలె, గమకములు పలికించినవాడు. ఆయన వాద్యము 1986లో న్యూయార్కులో పోయినది. మరుసటి సంవత్సరమే ఆయన మరణించెను. ఏండ్లు గడచిన పిదప అది యొక అంగడిలో బయటపడగా, కుటుంబమువారు వ్యాజ్యమాడవలసి వచ్చెను. 2010లో రాబర్ట్ ట్రుహియో అను మరియొక వాద్యకారుని ధనసాయముతో ఆ తగవు తీరెను. బీటిల్స్ బృందములోని పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గున సుమారు 30 పౌండ్లకు కొన్న హాఫ్నర్ బేసు 1972లో లండనున ఒక వాహనము నుండి దొంగిలింపబడెను. అది చేతులు మారి, ఒక యింటి అటకమీద పడియుండెను. 2018లో వెదకుట మొదలై, 2023లో ఆ విషయము లోకమునకు చాటగా, ఆ యింటివారు ముందుకు వచ్చిరి. వాద్యము సొంతదారునకు చేరినదని 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడెను. అనగా ఏబది యేండ్లకు పైగా! వాద్యము ఎంత మధురముగా పలికినను తన యజమాని పేరు పలుకలేదు. ఆ పేరు అడుగవలసినది కొనువాడే.

మా మనుమడు ఇటీవల హైదరాబాదులో ఒక పాత బేసును కొనితెచ్చెను. నేను కండ్లద్దములు పెట్టుకొని చూడగా దండి రంగునకును మొండెము రంగునకును పొత్తు కుదరలేదు. 'ఎవరి యొద్ద కొంటివి? చీటి యేది?' అని యడిగితిని. వాని యొద్ద అమ్మినవాని ఫోను అంకె తప్ప మరేమియు లేదు. నా పోరు పడలేక వాడు ఆ మనుష్యునకు ఫోను చేసెను. అతడు మర్యాదస్థుడే, మొదటి దండి చీలినందున వేరొకటి తొడిగించితినని ఒప్పుకొని, తాను తొలుత కొన్న రసీదు నకలును, దండి మార్చిన రసీదు నకలును పంపెను. అడిగినవారు లేక చెప్పలేదట! వాద్యము మంచిదే. దాని కథయు ఇప్పుడు దానితోడనే యున్నది.

మన గ్రామములలో బేస్ గిటారులు ఎన్ని యుండునని మీరడుగవచ్చును. కాని భజన మందిరపు హార్మోనియము, తబలాజోడు, పెండ్లి బృందమువారి కీబోర్డు, ఇవన్నియు నేడు చేతులు మారుచునే యున్నవి. తగవు వచ్చినప్పుడు జనులు మీ యరుగు మీదికే వత్తురు. కావున కొనువారికి ముందే యీ మాట చెప్పుడు: అమ్మినవాని పేరు, ఊరు, తేదీ, వెల, వాద్యముపై నున్న అంకె, అందులో మార్చిన భాగములు, ఇవి యొక కాగితముపై వ్రాసి ఇద్దరును చేవ్రాలు చేయవలెను. ఒక ప్రతి వాద్యపు పెట్టెలో నుండవచ్చును. రెండవ ప్రతి మాత్రము ఇంట వేరొకచోట నుంచవలెను. పెట్టెతో సహా పోయిననాడు పనికివచ్చునది ఆ రెండవ ప్రతియే.