జ్వరపు గోలీ చుట్టూ ఒక సభా వివాదం



మహమ్మారుల చరిత్ర అనగానే మనకు రోగుల సంఖ్యలు, మరణాలు, టీకాలు గుర్తుకు వస్తాయి. ఆ కాలంలో నాయకులు ఏమి మాట్లాడారు, ఆ మాటలను ప్రజలు ఎలా స్వీకరించారు అన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. 2020 మార్చిలో తెలంగాణ శాసనసభలో జరిగిన ఒక చర్చను ఆ దృష్టితో మీ ముందుంచుతున్నాను. ఏ పార్టీనీ సమర్థించటం గానీ, నిందించటం గానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

ముందుగా సందర్భం చూడండి. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు వెల్లడైంది. మార్చి 9న పుణెలో కేసులు బయటపడ్డాయి. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్‌లో ఉన్న మన బిచ్కుందకు మహారాష్ట్ర పరాయి రాష్ట్రం వంటిది కాదు. సలాబత్‌పూర్ దాటితే దెగ్లూర్. బంధుత్వాలు, బేరసారాలు, కూలి పనులు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. కనుక హైదరాబాదులో సభ ఏమి చెబుతుందన్నది ఇక్కడివారికి ప్రాణావసరమైన విషయమే. నాటి సభాపతి పోచారం శ్రీనివాసరెడ్డి గారు బాన్సువాడ శాసనసభ్యులే కావటం మరొక విశేషం.

మార్చి 7న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు సభలో మాట్లాడుతూ, భయపడవలసిన పని లేదనీ, పారాసిటమాల్ సరిపోతుందని తనకు ఒక శాస్త్రవేత్త చెప్పారనీ అన్నారు. వారం తరువాత, మార్చి 14న, కరోనాపై సభలో చర్చ జరిగింది. కాంగ్రెస్ పక్ష నాయకుడు మల్లు భట్టి విక్రమార్క గారు ఆ పారాసిటమాల్ మాటను ఎత్తి చూపారు. ముఖ్యమంత్రి ఆగ్రహించారు, దేశానికి కాంగ్రెస్సే పెద్ద కరోనా అన్న ధోరణిలో బదులిచ్చారు. రోగం గురించి మొదలైన చర్చ పార్టీల కలహంగా మారింది.

అదే రోజు సాయంత్రం మంత్రివర్గం సమావేశమై, మార్చి 31 వరకు విద్యాసంస్థలను, సినిమా హాళ్లను మూసివేయాలని నిర్ణయించింది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు పది రోజుల ముందే తీసుకున్న మంచి నిర్ణయం అది. కానీ ఆ దినం పేరు చెబితే ఇప్పటికీ జనానికి గుర్తుకు వచ్చేది ఆ నిర్ణయం కాదు, గోలీ.

మరునాడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటిదే జరిగింది. ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ గారు కరోనా కారణంగా స్థానిక సంస్థల ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి గారు ఆ వాయిదాను తీవ్రంగా విమర్శిస్తూ పారాసిటమాల్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ప్రస్తావించారు. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మార్చి 18న న్యాయస్థానం వాయిదాలో జోక్యం చేసుకోలేదు.

ప్రజల స్పందన మూడు విధాలుగా వచ్చింది. మొదటిది పరిహాసం. వాట్సాప్‌లో పారాసిటమాల్ మీద బొమ్మలు, చలోక్తులు వెల్లువెత్తాయి. రెండవది విశ్వాసం: నాయకుడే చెప్పాడు కదా, జ్వరం వస్తే ఒక గోలీ వేసుకుంటే సరి అన్న నిశ్చింత. మూడవది ప్రశ్న. పరీక్షలు ఎందుకు తక్కువగా చేస్తున్నారు, లెక్కలు ఎందుకు స్పష్టంగా ఇవ్వరు అంటూ కొందరు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేశారు. 2020 వేసవిలో హైకోర్టు ఈ విషయమై ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. ఈ మూడింటిలో సమాజానికి నిజంగా ఉపయోగపడినది మూడవదే.

ఇక వైద్యుని మాట. ఆ పారాసిటమాల్ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదకరం. 2020 ఫిబ్రవరిలో చైనాలో పర్యటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం లెక్క ప్రకారం, నిర్ధారణ అయిన రోగులలో సుమారు 80 శాతం మందికి జబ్బు స్వల్పంగానో, మధ్యస్థంగానో ఉంటుంది. వారిలో చాలామందికి విశ్రాంతి, నీరు, జ్వరం తగ్గే మందు చాలు. కానీ సుమారు 14 శాతం మందికి తీవ్రమవుతుంది; 6 శాతం మంది ప్రాణాపాయ స్థితికి చేరతారు. పారాసిటమాల్ వేడిని, నొప్పిని తగ్గిస్తుంది. వైరస్‌ను ఏమీ చేయదు. జ్వరం తగ్గిందని రోగి సంతోషిస్తూ ఉండగానే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు.

పదిమందిలో ఆ ఇద్దరు ఎవరో మొదటి రోజు ఎవరూ చెప్పలేరు. సభలో తేలవలసిన ప్రశ్న అదే. ఆ ఇద్దరిని గుర్తించటం ఎలా? పల్స్ ఆక్సీమీటర్ ఎవరి దగ్గర ఉంటుంది? బిచ్కుంద వంటి చోట అర్ధరాత్రి ఆయాసం వస్తే బాన్సువాడకో, నిజామాబాదుకో చేర్చేదెవరు? అక్కడ పడక, ఆక్సిజన్ ఉన్నాయా? గోలీ మీద జరిగిన కలహంలో ఈ ప్రశ్నలు మరుగున పడ్డాయి.

ప్రజలు వినరని అనటానికి వీలు లేదు. సభలో ఆ వాగ్వాదం జరిగిన ఎనిమిది రోజులకే, మార్చి 22న, జనతా కర్ఫ్యూ వచ్చింది. దేశంలో 14 గంటలు పాటించమంటే, తెలంగాణలో 24 గంటలు పాటించమని అదే ముఖ్యమంత్రి కోరారు. జనం పాటించారు. చెప్పిన మాట స్పష్టంగా ఉన్నది, దానిలో ఎత్తిపొడుపు లేదు. అంతే తేడా.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2020 సెప్టెంబరు 29న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డొనాల్డ్ ట్రంప్, జో బైడెన్ తలపడిన చర్చ పరస్పరం అడ్డు తగలటంతోనే గడిచింది. అప్పటికి ఆ దేశంలో కరోనా మరణాలు రెండు లక్షలు దాటాయి. సీబీఎస్ సంస్థ సర్వేలో ఆ చర్చ చూసినవారిలో 69 శాతం మంది చిరాకు కలిగిందని చెప్పారు. మూడు రోజులకే ట్రంప్ తనకు కరోనా సోకిందని వెల్లడించారు. అక్టోబరు 22న నాష్‌విల్‌లో జరిగిన చివరి చర్చలో ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరి మైకు ఆపివేసే ఏర్పాటు చేశారు. ఈసారి వాదనలు వినబడ్డాయి.

కథలో చివరి మలుపు గమనించండి. 2021 మేలో రెండవ ఉధృతి వేళ తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేపట్టింది. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు గడప గడపకూ వెళ్లి, లక్షణాలు ఉన్నవారికి మందుల కిట్లు ఇచ్చారు. ఆ కిట్టులో పారాసిటమాల్ ఉన్నది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే గోలీతో పాటు ఇంటికి ఒక మనిషి కూడా వచ్చింది. ఎన్ని రోజులుగా జ్వరమని అడిగింది, పేరు రాసుకున్నది.

మరొక మహమ్మారి ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. నాయకులు మళ్లీ వాదులాడుకోక తప్పదు. అప్పుడు ఎవరు గెలిచారని చూడకండి. జబ్బు ముదిరితే గుర్తించేదెలా, తీసుకువెళ్లేదెక్కడికి, అక్కడ ఏమున్నది అన్న మూడు ప్రశ్నలకు వారిలో ఎవరు జవాబు చెప్పారో చూడండి. ఎవరూ చెప్పకపోతే, మీ శాసనసభ్యుని మీరే అడగండి.

ఈలోగా ఒక జాగ్రత్త. ఆరోగ్యవంతులైన పెద్దలు కూడా 24 గంటలలో 4 గ్రాములకు మించి పారాసిటమాల్ వాడరాదు. మించితే కాలేయం దెబ్బతింటుంది. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం తాగేవారు వైద్యుని అడిగి ఇంకా తక్కువ వాడాలి. మూడు రోజులు దాటిన జ్వరాన్ని గోలీతో అణచిపెట్టక దవాఖానాలో చూపించుకోండి. ఆయాసం ఉన్నా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఒక్క పూట కూడా ఆగవద్దు.