అధిక రక్తపోటు: మందు మొదలుపెట్టడం కన్నా కొనసాగించడమే కీలకం

దశాబ్దాలుగా వాడుకలో ఉన్న, తక్కువ ధరకే లభించే మాత్రలతో అధిక రక్తపోటును చాలామందిలో అదుపు చేయవచ్చు. అయినప్పటికీ, ప్రపంచవ్యాప్తంగా ఈ సమస్య ఉన్న 30–79 ఏళ్ల వయసువారిలో సుమారు ఐదుగురిలో ఒక్కరికే అది అదుపులో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక వెల్లడించింది. దాదాపు సగం మందికి తమకు ఈ సమస్య ఉన్నట్లే తెలియదు.

సాధారణంగా వేర్వేరు రోజుల్లో పరీక్షించినప్పుడు 140/90 లేదా అంతకు మించి నమోదైతే అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. నియంత్రణ లేకుంటే పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం వంటి ముప్పులు పెరుగుతాయి.

అవరోధాలు ఏమిటి?

మొదటి అవరోధం లక్షణాలు కనిపించకపోవడమే. మాత్ర మానేసినా చాలామందికి వెంటనే తేడా తెలియదు. పరీక్షలో అంకెలు సాధారణ స్థాయికి రాగానే జబ్బు నయమైందని భావించి కొందరు మందు ఆపేస్తారు. నిజానికి ఆ అదుపు చాలావరకు మందు వల్లనే వస్తుంది. మానేస్తే రక్తపోటు మళ్లీ పెరుగుతుంది.

దుష్ప్రభావాలు మరో కారణం. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులతో పొడిదగ్గు రావచ్చు. ఈ విషయం చెబితే వైద్యులు మోతాదునో, మందునో మార్చగలరు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా తరచూ వాడటం కూడా రక్తపోటును పెంచవచ్చు.

పేదలకు దూరం, ఖర్చు ప్రధాన సమస్యలు. మందు ఉచితమే అయినా, దాని కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోతుంది. కొద్ది రోజులకు సరిపడా మాత్రలే ఇస్తే ఈ భారం పదేపదే పడుతుంది.

తోడ్పడేవి ఏమిటి?

ఈ ఇబ్బందులను దృష్టిలో ఉంచుకొని 2017 నవంబరులో భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందులో భాగస్వాములు. తెలంగాణ, కేరళ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, పంజాబ్ రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల్లో తొలుత దీనిని చేపట్టారు. అందరికీ ఒకే సరళమైన చికిత్స విధానం, కనీసం నెలకు సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనే మందుల పంపిణీ, రాని రోగులను గుర్తించి మళ్లీ పిలవడం దీని ప్రధానాంశాలు. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది.

ఇంటి వద్ద పాటించవలసినవి

రోజుకు ఉప్పు ఐదు గ్రాములకు, అంటే సుమారు ఒక టీ చెంచాకు మించరాదు. తెలుగు ఇళ్లలో కూరతో పాటు ఊరగాయలు, అప్పడాలు, చల్ల మిరపకాయల ద్వారా కూడా ఉప్పు శరీరంలో చేరుతుంది. పొటాషియం కలిపిన ఉప్పును మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

రక్తపోటు చూసుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, పొగాకు మానాలి. ఐదు నిమిషాలు ప్రశాంతంగా, వీపు ఆనించి కూర్చోవాలి. పట్టీని దుస్తుల మీద కాక చేతికే చుట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచాలి. వచ్చిన అంకెలను తేదీతో సహా రాసి వైద్యునికి చూపాలి.

రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవడం, అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోవడం వల్ల చికిత్సకు అంతరాయం కలగదు. గర్భం దాల్చాలనుకునే మహిళలు ముందే వైద్యునికి చెప్పాలి. టెల్మిసార్టాన్ వంటి కొన్ని మందులు గర్భిణులకు తగవు. మూతి వంకరపోవడం, ఒకవైపు కాలుచేతులు బలహీనపడటం, మాట తడబడటం, ఛాతీనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.