చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం

నైజాం రూపాయి చేతికి రాగానే మనవాళ్ళు చార్మినార్ బొమ్మ చూసి "ఓహ్, ఉస్మాన్ అలీఖాన్‌ది" అనేస్తారు. చూడాల్సింది బొమ్మ కాదండీ, మధ్యలో ఉన్న గుమ్మం లోపల. అక్కడ ఒకే ఒక్క ఉర్దూ అక్షరం ఉంటుంది. గుండ్రటి తల, కిందకి తోక ఉంటే మీమ్, అంటే మహబూబ్ అలీఖాన్ (1869-1911). ఒకదాని కింద ఒకటి రెండు కొంకీలుంటే ఐన్, అంటే ఉస్మాన్.

మరి రాజుగారి పూర్తి పేరేది? నాకు బాగా నచ్చిన కథ ఇదే. 1857 దాకా నిజాములు నాణేలు వేసింది ఢిల్లీ మొఘల్ బాదుషాల పేరు మీద. ఆ చివరి బాదుషాల మాట ఎర్రకోట దాటితే ఎవడూ వినడు, అయినా నాణెం మీద పేరు వాళ్ళదే. నిజాం తన పేరులో మొదటి అక్షరం ఒకటి ఎక్కడో ఇరికించుకునేవాడు, అంతే. తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు బహదూర్ షాని రంగూన్ పంపించేశారు. ఇప్పుడెవరి పేరు వెయ్యాలి? విక్టోరియా పేరు వెయ్యలేదు. తమ పేరూ వేసుకోలేదు. వంశానికి మూలపురుషుడైన మొదటి ఆసఫ్ జా బిరుదు వేశారు, దాంతోపాటు 92 అనే అంకె. (అబ్జద్ లెక్కలో మహమ్మద్ పేరుకి వచ్చే విలువ అది.) 1940ల్లో వేసిన రూపాయి మీద కూడా 1748లో పోయినాయన బిరుదే! 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని కవర్ మీద వేసిన మనిషికి సొంత నాణెం మీద దక్కింది గుమ్మంలో ఒక అక్షరం.

ఇక అసలా నకిలీయా అన్న సంగతి. మన భాషలో చెప్పాలంటే ఈ నాణెంలో రెండు చెక్‌సమ్‌లున్నాయి :-)

ఒక వైపు హిజ్రీ సంవత్సరం, రెండో వైపు జులూస్, అంటే ఏలుబడిలో ఎన్నో ఏడు అని. ఉస్మాన్ నాణెం మీద హిజ్రీలోంచి జులూస్ తీసేస్తే 1328 గానీ 1329 గానీ రావాలి. ఆయన గద్దెనెక్కింది 1329 రంజాన్ నెలలో కాబట్టి ఏలుబడి ఏడు మారేది హిజ్రీ ఏడు మధ్యలో. అందుకే 1337 (మన 1918-19) నాణెం మీద 8 ఉండొచ్చు, 9 ఉండొచ్చు. 12 ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

రెండోది బరువు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. గుణించి చూడండి, రెండిట్లో వెండి నిష్పత్తి దాదాపు ఆరుకి ఏడు. 1950లో హాలీని మన రూపాయితో కలిపినప్పుడు కట్టిన రేటు కూడా అదే, 7 హాలీలకి 6 రూపాయలు. పోత పోసిన నకిలీలు సాధారణంగా ఈ బరువు దగ్గరే దొరికిపోతాయి. అంచు చుట్టూ అతుకు గీత, పైన సన్నటి గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

మరి పాత బస్తీ సుల్తాన్ షాహీలో 1803లో పెట్టిన టంకశాల సంగతీ చెప్పాలి. అది 1903లో సైఫాబాద్‌కి, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. కొనేముందు అక్కడికెళ్ళి అసలువి ఎలా ఉంటాయో కళ్ళారా చూసి రండి.

నాకు భయమేసేది నకిలీల గురించి కాదు, మన ఇళ్ళల్లో ఉన్న అసలువాటి గురించి. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే ముందు అమ్మమ్మలు చింతపండు పెట్టి తళతళా తోమేస్తారు. అమెరికాలో ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి కంపెనీలు 70కి మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తాయి. తోమిన నాణేనికి ఆ మార్కు రాదు, "శుభ్రం చేసినది" అని రాసి పంపుతారు. నల్లబడిన వెండి మురికి కాదు మహాప్రభో, దాని వయసు.

ఇంకోటి, ఆన్‌సైట్‌కి వెళ్ళేవాళ్ళు వినండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. మామూలు మనుషులు దాన్ని దేశం దాటించడం నేరం. గుమ్మంలో మీమ్ ఉన్న ప్రతి రూపాయీ ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చేసింది. ఐన్ ఉన్నవాటిలో హిజ్రీ 1343 దాకా వేసినవి కూడా. గ్రేడింగ్ చేయిద్దామని సూట్‌కేసులో వేసుకోకండి. అమ్మమ్మ దగ్గరే ఉండనివ్వండి, చింతపండు మాత్రం దాచెయ్యండి.