24 టాఫీలు: స్వీడన్ 'శనివారం మిఠాయి' వెనకున్న చేదు కథ



మా అక్క కొడుక్కి ఐదేళ్లు. మొన్న పళ్లు పుచ్చాయని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ "ఎన్ని చాక్లెట్లు తింటాడు?" అని అడగలేదు. "రోజుకి ఎన్నిసార్లు తింటాడు?" అని అడిగారు. ఈ 'ఎన్నిసార్లు' అనే ప్రశ్న ఎక్కడిదా అని వెతికితే స్వీడన్‌లో ఒక హాస్పిటల్ దగ్గర తేలాను.

1940లలో స్వీడన్‌లో పిల్లలు, పెద్దలు అందరికీ పిప్పిపళ్లే. కారణం చక్కెరేనా? గట్టి రుజువు లేదు. అందుకే ప్రభుత్వం ఒక ప్రయోగం చేయించింది. ఎక్కడ? లుండ్ అనే ఊళ్లో, విపెహోల్మ్ హాస్పిటల్‌లో. అక్కడుండేది మానసిక ఎదుగుదల సరిగా లేని పేషెంట్లు. వాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లు ఒప్పుకోలేదు. చక్కెర, మిఠాయి కంపెనీలు కూడా ఖర్చులో సాయం చేశాయి.

436 మందిని గ్రూపులుగా విడగొట్టారు. కొందరికి భోజనంతో పాటే చక్కెర కలిపిన డ్రింక్. కొందరికి తియ్యటి బ్రెడ్. ఇంకో గ్రూపుకి పళ్లకి బాగా అతుక్కునేలా స్పెషల్‌గా చేసిన టాఫీలు, రోజుకి 24, భోజనాల మధ్యలో.

1954లో రిజల్ట్స్ పబ్లిష్ అయ్యాయి. భోజనంతో చక్కెర తాగినవాళ్లలో పుచ్చు పెద్దగా పెరగలేదు. మధ్యమధ్యలో టాఫీలు తిన్నవాళ్ల పళ్లు మాత్రం ఘోరంగా పాడయ్యాయి. అంటే ఎంత తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, నోట్లో ఎంతసేపు అతుక్కుని ఉంది అన్నదే పెద్ద విషయం.

ఎందుకలా? పంటి మీది పాచిలో ఉండే బ్యాక్టీరియా చక్కెరని యాసిడ్‌గా మారుస్తుంది. ఈ యాసిడ్ నిమిషాల్లోనే పెరుగుతుందని అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ 1940లలోనే కొలిచి చూపించాడు. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు ఇంకో టాఫీ వేశారా? టైమర్ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత స్వీడన్‌లో తల్లిదండ్రులకి చెప్పింది సింపుల్: మిఠాయిలు వారానికి ఒక్కరోజే, శనివారం. 'లోర్దాగ్స్‌గూడిస్' అంటారు. ఈరోజుకీ అక్కడి పిల్లలకి అదో పండగ.

మన ఇళ్లకొద్దాం. చిక్కీ, నువ్వుండ, ఖర్జూరం, క్రీమ్ బిస్కెట్... అన్నీ పళ్లకి అతుక్కునేవే. బెల్లం కదా అనుకోకండి, బ్యాక్టీరియాకి అదీ చక్కెరే. సాయంత్రం ఆకలేస్తే జామకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు, చక్కెర వేయని పెరుగు, కాస్త పెద్ద పిల్లలకైతే వేయించిన శనగలు, పల్లీలు పెట్టండి. మరీ చిన్నపిల్లలకి గింజలు గొంతులో అడ్డం పడతాయి, వద్దు. స్వీట్ పెట్టాలంటే భోజనంతో పాటే పెట్టేయండి. తర్వాత మంచినీళ్లే.

మా అక్క ఇప్పుడు చాక్లెట్ డబ్బా పై అరలో పెట్టి, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాకే దించుతోంది. వాడు మొదటి వారం ఏడ్చాడు, రెండో వారం నుంచి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

కానీ ఒక్క మాట. మనం ఇంత తేలిగ్గా చెప్పుకుంటున్న ఈ సలహా కోసం, కాదనడానికి నోరులేని మనుషులు పళ్లు పోగొట్టుకున్నారు. వాళ్ల పేర్లు మనకి తెలియవు. డబ్బా పై అరలో పెట్టేటప్పుడు వాళ్లని ఒక్కసారి తలుచుకుందాం.

మళ్లీ కలుద్దాం.