పండుగనాటి పొయ్యి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత కతోలిక కుటుంబాల భోజన సంస్కృతి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: రాయలసీమ దక్షిణ భాగంలో కతోలిక మతం మూడు శతాబ్దాలుగా ఉంది. ఆ చరిత్రను గుడుల ద్వారా, గురువుల ద్వారా చెప్పినంతగా వంటింటి ద్వారా చెప్పలేదు. మిషనరీల ఆహార నియమాలు, పెండ్లి కొబ్బరికాయ వివాదం, కరవులు, బియ్యం లభ్యత, పంక్తిభోజనం అనే ఐదు అంశాల ఆధారంగా పండుగ భోజనం చరిత్రకు ఎలా ఆకరమవుతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కర్ణాటక మిషన్, ఒక్కపొద్దు, వరన్నం, తపస్సుకాలం, పంక్తి, దళిత క్రైస్తవులు.

1. ఉపోద్ఘాతం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోని పట్టణాలు. కతోలిక పాలన రీత్యా ఈ ప్రాంతం 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనంలో ఉంది. అయితే ఇక్కడి కతోలిక చరిత్ర మేత్రాసనం కంటే చాలా పాతది. విజయనగర రాజులకు 1565 తరువాత పెనుకొండ రాజధాని అయింది. అక్కడి నుండి చంద్రగిరికి తరలిన వేంకటపతిరాయల కొలువుకు 1598లో జెస్యూట్లు వచ్చారు. సీమ పల్లెలలో క్రైస్తవ సంఘాలు రూపుదిద్దుకొన్నది మాత్రం 18వ శతాబ్దిలో. ఆ ఘట్టంలో బోధతోపాటు భోజనం కూడా కీలకమైన ప్రశ్నగా ముందుకు వచ్చింది.

2. సన్యాసి విస్తరి

రాబర్టు డి నోబిలి 1606 తరువాత మదురైలో అనుసరించిన పద్ధతిని ఫ్రెంచి జెస్యూట్లు 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు ప్రాంతానికి తెచ్చారు. మొదుయి, బూషే, ల గాక్ వంటివారు పుంగనూరులోను, హిందూపురానికి పొరుగున ఉన్న చిన్నబళ్లాపురంలోను పనిచేశారు. వారు కాషాయం కట్టి, రోమాపురి సన్యాసులుగా చెప్పుకొన్నారు. మాంసం, చేపలు, గుడ్లు, మద్యం విడిచి, అన్నం, కూరగాయలు, పాలతో దినానికి ఒక్కపూట భోజనంతో గడిపారు.

దీనికి కారణం స్పష్టం. నాటి సమాజంలో ‘పరంగి’ అనే మాట మతాన్నే కాక తిండిని కూడా సూచించేది. గొడ్డుమాంసం, సారాయి ముట్టేవాడు పరంగి. ఆ ముద్ర పడితే బోధ వినేవారే ఉండరు. అందుచేత గ్రంథాల కంటే ముందు విస్తరి మారింది. తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చిన కర్దూ (1691–1779) ఈ దేశపు ఆచార వ్యవహారాలను వివరంగా రాయగలగడానికి ఇటువంటి జీవనవిధానమే పునాది అయింది.

అయితే ఈ అనుసరణకు మూల్యం కూడా ఉంది. మిషనరీ స్వీకరించింది పై కులాల ఆహారనియమాన్ని. శ్రామిక కులాల తిండి ఆ నియమం వెలుపలే మిగిలింది. శుద్ధి, అశుద్ధి అనే భేదాన్ని కొత్త మతం తుడిచివేయలేదు. కొంతవరకు తనలోకి తీసుకొన్నది.

3. కొబ్బరికాయపై తీర్పు

ఈ వైరుధ్యం రోమ్ వరకు వెళ్లింది. పోపు ప్రతినిధి తూర్నోన్ 1704లో పాండిచ్చేరిలో వెలువరించిన ఉత్తర్వు అనేక స్థానికాచారాలను నిషేధించింది. వాటిలో పెండ్లిలో కొబ్బరికాయ కొట్టి శుభాశుభాలు చూడడం ఒకటి. క్రైస్తవుల పెండ్లిలో కొబ్బరికాయ ఉండరాదని, తినదలిస్తే వేడుకకు వెలుపల విడిగా పగులగొట్టుకోవాలని ఆ ఉత్తర్వు సారాంశం. 14వ బెనెడిక్టు 1744లో ఈ వివాదానికి ముగింపు పలికాడు. ఆచారాలకు సంబంధించి మిషనరీలు చేయవలసిన ప్రమాణాన్ని రోమ్ 1940లో గాని ఎత్తివేయలేదు.

ఇక్కడ గమనించదగినది ఆహారానికీ ఆచారానికీ మధ్య గీసిన గీత. కాయను తినవచ్చు, అది శకునం చెప్పరాదు. పండుగ వంటల విషయంలో కూడా తరువాతి తరాలు ఇదే తర్కాన్ని పాటించాయి. ఉగాదికి ఇరుగింట చేసే బక్షాలే పాస్కపండుగకు కతోలిక ఇంట పొయ్యి ఎక్కుతాయి. పిండి, బెల్లం, పప్పు ఒక్కటే; నివేదన ఉండదు, ప్రార్థన ఉంటుంది. మృతుల స్మరణదినమైన నవంబరు 2న కూడా ఇదే తేడా కనిపిస్తుంది. పెద్దలకు అన్నం పెట్టే ఆచారానికి బదులు సమాధుల వద్ద కొవ్వొత్తులు, దివ్యపూజ, పేదలకు దానం ఉంటాయి.

4. కరవు, వలస, వరన్నం

1773లో జెస్యూట్ సభ రద్దయింది. యుద్ధాలు, అనావృష్టి వల్ల మద్దిగుబ్బ వంటి గ్రామాల క్రైస్తవ రెడ్డి కుటుంబాలు గుంటూరు సీమకు తరలి, ఫిరంగిపురం పరిసరాలలో స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలు చేరినది వరి పండే నేలలకు దగ్గరగా. మిగిలినవారు నిలిచినది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే మెట్టభూమిలో. 1876–78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని కుదిపివేసింది.

ఈ నేలలో రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం నిత్యాహారాలు. కూలి కుటుంబాలకు వరన్నం పండుగనాటి మాట. కాబట్టి క్రిస్మసు విందులో అసలు విశేషం మాంసమో తీపి వంటకమో కాదు, తెల్లని అన్నం. కిలో 2 రూపాయల బియ్యం పథకం 1983లో మొదలైంది. దానిని తెచ్చిన ఎన్.టి. రామారావు 1985లో హిందూపురం నుండే శాసనసభకు ఎన్నికయ్యారు. బియ్యం నిత్యాహారమయ్యాక పండుగకు మరో గుర్తు కావలసి వచ్చింది. ఆ చోటును బిరియాని, బజారు కేకు ఆక్రమించాయి. ఒకప్పుడు నిత్యం తిన్న సంగటి ఇప్పుడు ప్రత్యేక వంటకంగా తిరిగి వస్తున్నది.

5. పండుగల పంచాంగం, పంటల పంచాంగం

ఐరోపాలో రూపొందిన పండుగల క్రమం ఇక్కడి పంటల క్రమంతో కొన్నిచోట్ల కలిసింది, కొన్నిచోట్ల కలవలేదు. క్రిస్మసు నాటికి చెనిక్కాయ ఇంటికి చేరుతుంది; అనపకాయలు విరగకాస్తాయి. పితికిపప్పు కూర, చెనిగ్గింజల పొడి, బెల్లంతో చేసిన కజ్జికాయలు, అత్తిరాసలు ఆ కాలానికి సహజంగా అమరుతాయి. హిందూపురం బెల్లానికి, చింతపండుకు పేరుపడిన మార్కెట్టు. చింతపండు కోత కాలంలోనే తపస్సుకాలం వస్తుంది.

కలవనిచోటు సెప్టెంబరు 8, మరియమాత జన్మోత్సవం. మంగళూరు కతోలికులు ఆనాడు కొత్త వడ్లను గుడిలో ఆశీర్వదింపజేసి, కొత్త బియ్యంతో శాకాహార విందు చేసుకొంటారు. అనంతపురం మెట్టలో ఆ సమయానికి పైరు ఇంకా పొలంలోనే ఉంటుంది. కొత్తపంట పండుగగా అది ఇక్కడ వేరూనకపోవడానికి వానే కారణమని భావించవచ్చు.

6. ఒక్కపొద్దు: మూడు మతాల మాట

తపస్సుకాలపు ఉపవాసానికి ఇక్కడి మాట ఒక్కపొద్దు. హిందువుల వ్రతానికి, ముస్లింల రంజాను ఉపవాసానికి కూడా సీమలో ఇదే మాట వాడుక. శుక్రవారం మాంసం మానడం ఐరోపాలో త్యాగం. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే మాంసం రుచిచూసే కుటుంబానికి అది త్యాగమెలా అవుతుంది? అందువల్ల నియమపు బరువు పదార్థం నుండి పూటల లెక్కకు మారినట్లు ఊహించవచ్చు. 6వ పౌలు 1966లో నియమాలను సడలించి, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారాలను ఉపవాస దినాలుగా నిలిపాడు. ప్రార్థనతోపాటు దానాన్ని కూడా తపస్సుగా పరిగణించడం నిరుపేద ప్రాంతాల అనుభవానికి దగ్గరైన మార్పు.

7. పంక్తి

పండుగ భోజనంలో అతిపెద్ద ప్రశ్న ఏమి వండారన్నది కాదు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది. దివ్యసత్ప్రసాదాన్ని ఒకే పాత్ర నుండి స్వీకరించినవారు ఇంటికి వెళ్లాక ఒకరి వంట ఒకరు తింటారా? గుడి ఆవరణలోని ప్రేమవిందు ఈ ప్రశ్నకు సగం జవాబు. మిగిలిన సగం ఇంటి గడప దగ్గరే ఆగుతుంది.

చట్టం దీనిని మరింత చిక్కుపరచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం క్రైస్తవాన్ని స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కుల హోదా లేదు. రాష్ట్రంలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో ఉన్నారు. అందువల్ల ధ్రువపత్రంలో మతం ఒకటి, ఆచరణలో మతం మరొకటి అయిన కుటుంబాలు ఏర్పడ్డాయి. అటువంటి ఇండ్ల గురించి జనాభా లెక్క చెప్పలేనిది డిసెంబరు 25నాటి పొయ్యి చెబుతుంది.

8. ముగింపు

మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, ఈ ప్రాంత కతోలిక పండుగ భోజనం దిగుమతి అయినది కాదు. నేల, వాన, ధర నిర్ణయించినది. రెండవది, వంటకాలలో సులభంగా జరిగిన స్థానికీకరణ పంక్తిలో కులాన్ని కూడా వెంట తెచ్చింది. మూడవది, మిషనరీ లేఖలు గురువుల భోజనాన్ని నమోదు చేశాయి గాని, వండి వడ్డించిన స్త్రీల జ్ఞానాన్ని నమోదు చేయలేదు. ఆ జ్ఞానం నేటి వృద్ధ మహిళల జ్ఞాపకంలో ఉంది. మౌఖిక చరిత్ర పద్ధతిలో దానిని సేకరించడం తెలుగు పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని; ఒక తరం గడిస్తే ఈ ఆకరం మిగలదు.