ముందు గేటు నుంచి

ఆషాఢం పడగానే మేడ్చల్‌ చుట్టుపక్కల మంటపాలు కట్టేవాళ్ల చేతులు ఖాళీ అవుతాయి. నెల రోజులు ముహూర్తాలుండవు. నాగ్‌పూర్‌ హైవే మీద కొంపల్లి నుంచి మేడ్చల్‌ దాకా, కరీంనగర్‌ రోడ్డు మీద తూముకుంట నుంచి శామీర్‌పేట దాటేదాకా ఉన్న ఫంక్షన్‌ హాళ్లు, గార్డెన్లు, రిసార్టులు బోసిపోతాయి. ఇనుప ఫ్రేములు గోడౌన్లకు చేరతాయి. కూలీల్లో కొందరు నాట్లకు ఊరెళ్తారు, కొందరు రంగుల పని చూసుకుంటారు. గత ఆషాఢంలో ఒక బుధవారం, మేడ్చల్‌ రైల్వే స్టేషన్‌ దగ్గర్లో ఉండే ఒక డెకరేషన్‌ మేస్త్రి, ఆయన భార్య చీకటితోనే ఇల్లు కదిలి రామోజీ ఫిల్మ్‌ సిటీకి బయల్దేరారు. పేర్లు రాయొద్దన్నారు. ఆ రోజు గురించి ఇద్దరూ వేర్వేరుగా చెప్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. పెళ్లివారు ఫోన్లో ఒక ఫొటో చూపిస్తారు. ఇటలీలో ఏదో కోట, పారిస్‌లో ఏదో మేడ, లేకపోతే గ్రీసు స్తంభాల వరస. మూడు రాత్రుల్లో అది శామీర్‌పేటలో లేవాలి. ముందు ఇనుప ఫ్రేము, దానికి ప్లైవుడ్డు, ఆ పైన థర్మాకోల్‌ కోసి అతికించిన అంచులు, తీగలు, పూలగుత్తులు. స్తంభాలు ఫైబర్‌వి. అచ్చుకు మైనం రాసి, గ్లాసు మ్యాటు పరిచి, రెజిన్‌ పూసి, ఆరాక ఊడదీస్తారు. మనిషికి రెండింతల ఎత్తున్న స్తంభాన్ని ఇద్దరు భుజాన వేసుకుని నడిచిపోగలరు. చివరగా రంగు. తెల్లరంగు వేస్తే పాలరాయి అవదు. దాని మీద బూడిదరంగు నరాలు సన్నటి కుంచెతో లాగాలి, లాగిన నరాన్ని తడిగుడ్డతో సగం తుడవాలి. ఎంత తుడవాలో తెలిసినవాడే మేస్త్రి.

ఆమె కొంపల్లిలో ఒక లేడీస్‌ హాస్టల్లో వంట చేస్తుంది. పుట్టిల్లు శామీర్‌పేట అవతల. వాళ్లమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. ఒకప్పుడు మేడ్చల్‌, శామీర్‌పేట, కీసర చుట్టూ ద్రాక్ష పందిళ్లే. అనాబ్‌-ఎ-షాహి రకం హైదరాబాద్‌ ద్రాక్షగా పేరు మోసింది. భూమి ధర పెరిగేకొద్దీ పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి, ప్లాట్ల మధ్య పెళ్లి తోటలు వచ్చాయి. అమ్మ గుత్తులు కోసిన నేల మీద ఇప్పుడు తన భర్త ఫైబర్‌ స్తంభాలు పాతుతున్నాడని ఆమెకు తెలుసు. ఆ స్తంభాలు ఎలా ఉంటాయో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆయన సాయంత్రం వెళ్లి తెల్లారి వస్తాడు. చేతులకు రెజిన్‌ వాసన, వెంట్రుకల్లో థర్మాకోల్‌ పొట్టు. ఆ పని గురించి ఆమెకు తెలిసింది అంతే.

ఈ ప్రయాణానికి కారణం కూతురు. బడివాళ్లు విహారయాత్రకు ఫిల్మ్‌ సిటీ తీసుకెళ్తే, తిరిగొచ్చి తండ్రితో అంది: “బాపూ, నువ్వు చేసే గోడలసొంటియే ఆడ ఉన్నయి. వానకు గూడ పోలే.” ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. పనిలో చేరిన కొత్తలో తనకు అచ్చు పోయడం నేర్పిన ఉస్తాద్‌ కూడా ఫిల్మ్‌ సిటీ గురించే చెప్పేవాడట. పెళ్లయ్యాక ఆ జంట ఊరు దాటిందంటే యాదగిరిగుట్టకో కొమురవెల్లికో, మొక్కులు తీర్చుకోవడానికే. ఇద్దరే కలిసి, మొక్కు లేకుండా, ఒక రోజంతా బయట గడపడం అదే మొదలు. టికెట్టు మనిషికి వెయ్యి దాటుతుంది. “మేం చూసినం, మీరు పోయి రండి” అని పిల్లలే అమ్మమ్మ ఇంటికి బ్యాగు సర్దుకున్నారు.

మేడ్చల్‌, శామీర్‌పేట రెండింటి పక్కనుంచీ 158 కిలోమీటర్ల ఔటర్‌ రింగ్‌ రోడ్డు పోతుంది. కారు ఉంటే పెద్ద అంబర్‌పేట దాకా ఆగకుండా వెళ్లొచ్చు, ఫిల్మ్‌ సిటీ అక్కడికి దగ్గరే. వీళ్లకున్నది బైకు. ఔటర్‌ మీదికి ద్విచక్రవాహనాలను రానివ్వరు. అందుకని నగరం మధ్యలోంచే, బస్సులు మారుతూ వెళ్లారు. మేడ్చల్లో సికింద్రాబాద్‌ పోయే 229 ఎక్కారు. ఆమె ఆధార్‌ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌, సిటీ బస్సుల్లో చార్జీ లేదు. “నా పైసలు మిగిలినయి, ఆడ ఐస్‌క్రీం నేనే కొనిస్త” అందట.

కోఠిలో ఉమెన్స్‌ కాలేజీ స్టాపులో దిగి హయత్‌నగర్‌ వైపు బస్సు కోసం నిలబడ్డారు. ఇక్కడ ఒక్క నిమిషం నేనూ ఆగుతాను. ఆ ఆవరణలో ఉన్నది పాత బ్రిటిష్‌ రెసిడెన్సీ. హైదరాబాద్‌లో బ్రిటిష్‌ రెసిడెంటుగా ఉన్న జేమ్స్‌ అకిలీస్‌ కిర్క్‌పాట్రిక్‌ కట్టించిన, ఎత్తైన కొరింథియన్‌ స్తంభాల భవనం. ఆయన హైదరాబాద్‌ ప్రభు కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్లాడాడు. పరదాలో ఉండే ఆమె ఆ భవనం ముందువైపు వచ్చి చూడలేదు. అందుకని ఆమె ఉండే రంగమహల్‌ తోటలో అదే భవనం చిన్న నమూనాను కట్టించాడని చెప్పుకుంటారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. కిర్క్‌పాట్రిక్‌ 1805లో కలకత్తాలో చనిపోయాడు. తన ఇంటి ముఖాన్ని తానే చూడలేకపోయిన స్త్రీ కథ మన నగరంలో రెండు వందల ఏళ్లుగా ఉంది. ఆ గోడ బయట నిలబడ్డ మేస్త్రి భార్యకు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు కాబట్టి, ఆమె తన రోజు గురించి చెబుతుంటే నా మనసు పదేపదే అక్కడికే పోయింది.

ఫిల్మ్‌ సిటీ చేరేసరికి సన్నగా తుంపర. అనాజ్‌పూర్‌ దగ్గర రామోజీరావు 1996లో నెలకొల్పిన ఈ చిత్రనగరి 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్‌ గుర్తించింది. రూపకర్త కళాదర్శకుడు నితీష్‌ రాయ్‌. 2024 జూన్‌ 8న కన్నుమూసిన రామోజీరావు అంత్యక్రియలు కూడా ఇక్కడే జరిగాయి. దర్శకుడు స్క్రిప్టుతో వస్తే పూర్తయిన సినిమాతో వెళ్లాలన్నది ఈ నగరి వెనకున్న ఆలోచన. అలాగే 1997లో ‘మా నాన్నకు పెళ్లి’ చిత్రీకరణ మొత్తం ఇక్కడే సాగింది. తెలుగు సినిమాలో ఒక వీధి లండన్‌ అయి, అదే వీధి మూల తిరిగితే ఇంకో దేశం కావడం ఇక్కడి కట్టడాల చలవే.

టికెట్‌ కౌంటరు దాటి లోపలికి నడుస్తుంటే ఆయన అడుగు తడబడిందట. దగ్గరికి వచ్చిన ఒక ఉద్యోగి చేతులు జోడించి “నమస్తే సార్‌, నమస్తే మేడం” అన్నాడు. తనను కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడాయన.

“నిన్నే అంటున్నడయ్యా, నడువు” అంది ఆమె.

ఎర్ర బస్సెక్కారు. విమానాశ్రయం సెట్టు దగ్గర గైడు చెప్పాడు: ఇటు నుంచి కెమెరా పెడితే ఎయిర్‌పోర్టు, పక్కకు తిరిగితే ఆసుపత్రి, ఇంకోవైపు నుంచి వేరే కట్టడం. బస్సులో అందరూ నవ్వుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. మేస్త్రి మాత్రం మూలలు చూస్తున్నాడు. రెండు ముఖాలు కలిసే చోట అతుకు కనబడకుండా ఒక పైపును దింపారు. “గా పైపు నీళ్లకు కాదు, అతుకు దాచనీకి” అని భార్య చెవిలో చెప్పాడు. ఆమె ఆ పైపును చూసింది. తర్వాత ప్రతి మలుపులోనూ తనే వెతకడం మొదలుపెట్టింది.

యూరప్‌ వీధుల్లో దిగారు. గచ్చు దారి, ఇనుప దీపస్తంభాలు, పూలకుండీలున్న బాల్కనీలు, వంపు తిరిగిన కిటికీలు. ఇలాంటి వీధులు ఆసియాలో చాలాచోట్ల ఉన్నాయి. జపాన్‌లోని నాగసాకి ప్రాంతంలో డచ్చి ఇళ్లు, కాలువలు, గాలిమరలతో హౌస్‌ టెన్‌ బాష్‌ 1992లో తెరిచారు. వియత్నాంలో దానాంగ్‌ దగ్గర బానా కొండల మీద ఫ్రెంచి ఊరు ఉంది. యూరప్‌ వెళ్లలేని కోట్లమంది జంటలు అక్కడ చేతులు పట్టుకుని నడుస్తారు. పరాయి దేశపు నకళ్లు మనకెందుకని కోప్పడేవాళ్లున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ నేను పంచుకోను. బొమ్మ యూరప్‌దే కావచ్చు. దాన్ని చెక్కిన, పోసిన, పూసిన చేతులు మనవాళ్లవి. ఆ నైపుణ్యాన్ని నకలు అనలేం.

ఆ వీధిలో ఒక తలుపు ముందు ఆమె ఆగింది. తోసి చూసింది. రాలేదు.

“గీ ఇండ్లల్ల ఎవ్వరుండరా?”

“ఉండరు. ఎనుకకు పోయి చూడు, ఉత్త గోడనే.”

ఆయన కిటికీ అంచు మీద వేళ్లు ఆడించాడు. గోటితో కొట్టి చూశాడు. ఇది సిమెంటు, ఆ పైన ఉన్నది ప్లాస్టర్‌ ఆఫ్‌ పారిస్‌, అదిగో ఆ పూలగుత్తి అచ్చులో తీసింది, ఒకటే అచ్చు, తిప్పి తిప్పి పెట్టారు అంటూ చెప్పుకుంటూ పోయాడు. ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడే మనిషి కాదట ఆయన. ఆమె వింటూ నిలబడింది.

“నువ్వు చేసేది గిదేనా?”

“గిదే. గాని మాది థర్మాకోల్‌. మూడు రాత్రులల్ల లేపుతం. పెండ్లి అయినంక తెల్లారే వరకు పీకేస్తం.”

“పీకేస్తరా? గింత మంచిగున్నదాన్ని?”

“ఇంకో పెండ్లికి ఇంకోటి కావాలె కద.”

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “నువ్వు కట్టినదాంట్ల పెండ్లి ఎన్నడన్న చూసినవా?”

లేదన్నాడు. మధ్యాహ్నం నుంచే తొందరపెడతారు. లైట్లు వెలిగేలోపు నిచ్చెనలు, డబ్బాలు, మనుషులు కనబడకుండా పోవాలి. పనివాళ్ల దారి వెనక గేటు. అర్ధరాత్రి దాటాక మళ్లీ అదే గేటు నుంచి వచ్చి విప్పాలి. పూలు, పన్నీరు, బ్యాండు, పెళ్లికూతురు ఆ స్తంభాల మధ్య నడిచి రావడం, ఇవన్నీ ఆయన చూసింది తర్వాత ఎవరో పంపిన వీడియోలోనే. ఇన్నేళ్లలో ఎన్ని కోటలు లేపాడో లెక్కలేదు. ఒక్కదాని ముందూ అతిథిలా నిలబడలేదు.

అంతవరకూ ఫోను ఆయన చేతిలోనే ఉంది, ఆమె ఫొటోలు తీస్తున్నాడు. ఆమె ఫోను లాక్కుంది. “నువ్వు నిలబడు, నేను తీస్త” అంది. ఆయన బిగుసుకుపోయి నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ఆ ఫొటో నేను చూశాను. చొక్కా తడిసింది, ముఖంలో నవ్వు లేదు, వెనక వంపు కిటికీల వరస. అదే ఇప్పుడు ఆమె ఫోన్లో వాల్‌పేపర్‌.

మిగతా రోజు త్వరగా గడిచింది. బాపు దర్శకత్వంలో ఈటీవీకి తీసిన ‘భాగవతం’ సెట్టులో ఆమె చెప్పులు విడిచి దండం పెట్టింది. సెట్టు అయితేనేం, కృష్ణుడు కృష్ణుడే అంది. నేను ఆమె పక్షమే. సినిమా తీసే విధానం చూపించే ప్రదర్శనలో, కదలని బండిని తెర మీద పరుగెత్తించినప్పుడు ఆయన పిల్లాడిలా చప్పట్లు కొట్టాడట. సాబు సిరిల్‌ రూపొందించిన ‘బాహుబలి’ సెట్టు దగ్గర ఇద్దరూ చాలాసేపు ఉన్నారు. ఆ భారీ ఏనుగులు, విగ్రహాలు, సింహద్వారం చూసి ఆయన అన్నది ఒకటే: “పీకెయ్యకుండ ఉంచిండ్రు. అదృష్టం చేసుకున్న పనివాళ్లు.” సినిమా అయిపోయాక ఎన్నో సెట్లు నేలమట్టమవుతాయి. దీన్ని చూడ్డానికి మాత్రం ఏళ్ల తర్వాత కూడా జనం టికెట్టు కొంటున్నారు.

ఐస్‌క్రీం ఆమే కొనిచ్చింది. చెప్పిన మాట కదా. బయట కొనే దానికన్నా ధర ఎక్కువే, అయినా వెనక్కి తగ్గలేదు.

తిరుగు బస్సులో కొంపల్లి దగ్గర ఒక ఫంక్షన్‌ హాలు ముందు సిగ్నల్‌ పడింది. ముఖద్వారం మీద రెండు రెక్కల గుర్రాలు. “గవి నీయేనా?” అని అడిగింది. కావు, వేరేవాళ్లవి అన్నాడు. పని బాగుందా లేదా అడిగింది. కుడివైపు గుర్రం మెడ అతుకు సరిగ్గా రుద్దలేదని చెప్పాడు. తనకూ అలాగే అనిపించిందంది.

నన్ను కదిలించింది ఇదే. ఇన్నేళ్ల సంసారంలో ఆమెకు భర్త కూలి ఎంతో తెలుసు, బాకీలు ఎవరెవరి దగ్గరున్నాయో తెలుసు. ఆయన గొప్ప పనివాడన్న సంగతి తెలిసింది ఆ ఒక్క రోజే. తన పని గురించి చెప్పుకోవడానికి ఆ మేస్త్రి రెండు వేలకు పైగా పెట్టి వేరేవాళ్లు కట్టిన గోడల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. తను కట్టినవి మేడ్చల్‌కు అరగంట దూరంలోనే ఉన్నాయి. అక్కడికి ఆయన భార్యను ఎవరూ రానివ్వలేదు. రమ్మని పిలవాలని ఎవరికీ తోచలేదు కూడా. పైగా పని అయ్యాక మిగిలిన కూలి చేతికి రావడానికి వారాలు పడుతుందని ఆయన చెప్పాడు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు, ఆ రంగమంతటా నడుస్తున్న అలవాటు. కానీ మార్చలేనిది మాత్రం కాదు.

శ్రావణంలో ముహూర్తాలు మళ్లీ మొదలవుతాయి. మీ ఇంట పెళ్లి ఉంటే మంటపం కట్టిన మనుషుల్ని ఒక్కసారి అడిగి తెలుసుకోండి, ఎంతమంది, ఏ ఊరివాళ్లు అని. లైట్లు వెలిగాక వాళ్ల భార్యాపిల్లల్ని పిలిచి ముందు గేటు నుంచి లోపలికి తీసుకురండి. మీ బంధువుల బంతిలోనే వాళ్లకూ విస్తరి వేయించండి. కూలి ఆ రాత్రే అందేలా కాంట్రాక్టరుతో ముందే మాట్లాడండి.